బల్లకాలి కింద బిళ్ళ

“నాణెమంటే దేశం ముఖం! ఆ ముఖాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, అంచు తడిమి, ‘లోపం ఇదీ’ అని చెప్పలేనివాడు తూనికలు కొలతల శాఖలో గుమాస్తాగా ఉండటానికి కూడా అర్హుడు కాడు!”

ఈ మాటలన్నది మా పెద్దసారు. సోమవారం ఉదయం పదకొండు గంటలకు, సమావేశ మందిరంలో, ఫ్యాను సరిగ్గా నెత్తిమీద తిరిగే చోట నిలబడి అన్నారు. ఆ మందిరంలో ఉన్న ముప్ఫై ఇద్దరం అప్పటిదాకా గుమాస్తాలుగానే బతుకుతున్నాం. టీ కొట్టువాడి చేతిలో పెట్టడానికి తప్ప నాణేన్ని మరెందుకూ ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా ముప్ఫై రెండు తలలూ ఒకేసారి ఊగాయి. అది మాకు అలవాటే. పాత పెద్దసారుకు గులాబీల పిచ్చి. ఆయన కాలంలో మేమంతా అంట్లు కట్టాం. అంతకు ముందాయనకు నడక పిచ్చి. ఆ రెండేళ్ళూ శాఖ శాఖంతా పార్కు చుట్టూ తిరిగింది. ఫైళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈయన ఒక పుస్తకమూ ఒక భూతద్దమూ కొని అప్పటికి పదకొండు రోజులైంది. మేం నాణేల గురించి విని పది నిమిషాలైంది. కనుక ఆయన నిపుణులు, మేం శిష్యులం. ఇందులో ఎవరికీ అనుమానం రాలేదు.

మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ వచ్చేసింది. “ప్రతి ఉద్యోగియు నెలాఖరులోగా ఒక వింత నాణెమును సమర్పించవలెను. వింత లేని నాణెములు స్వీకరింపబడవు. సమర్పించని వారి సెలవు దరఖాస్తులు పరిశీలింపబడవు.”

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పుకోవాలి. మా విభాగంలో సూపరింటెండెంటు కుర్చీ ఏడాదిన్నరగా ఖాళీగా ఉంది. దాని పక్క కుర్చీలో నేను పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాను. ఆ కుర్చీకి చేతులున్నాయి, నా కుర్చీకి లేవు. పంతొమ్మిదేళ్ళు మోచేతులు గాలిలో పెట్టుకుని పనిచేసినవాడికి తప్ప ఆ తేడా ఎవరికీ అర్థం కాదు. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా మోచేతులు ఆన్చుకుని కూర్చోవాలన్నది నా జీవితాశయం. అందుకే పెద్దసారు “నాణేల పరిశీలన కమిటీకి కన్వీనరుగా ఎవరుంటారు?” అని అడిగేసరికి, అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే.

కమిటీ అంటే నేనూ, మా టైపిస్టూ. పెద్దసారు మాకు విద్యంతా ఒక్క వాక్యంలో బోధించారు.

“తప్పు టంకశాలలోనే జరిగితే, అంటే అచ్చువేసేటప్పుడే జరిగితే, అది పుట్టుకతో వచ్చిన లోపం. అపురూపం! బయటికొచ్చాక దెబ్బ తగిలితే అది చెడిపోయిన బిళ్ళ. చెత్త! ఏది ఏదో విడదీయడమే మీ పని.”

“ఎలా విడదీయాలి సార్?” అన్నాడు టైపిస్టు, అమాయకుడు.

“ముందు తూచాలి. పుస్తకంలో ఉంది.”

తూచడం! మాది తూనికల శాఖ. ఊళ్ళో ఉన్న ప్రతి దుకాణం త్రాసుకూ ముద్ర వేసేది మేమే. కానీ మా ఆఫీసు సున్నితపు త్రాసు నాలుగేళ్ళుగా ముసుగేసుకుని మూల కూర్చుంది. దాన్ని వాడాలంటే అది సరిగా తూస్తోందని ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం ఇవ్వాల్సింది మేమే. ఇవ్వాలంటే ముందు దాన్ని వాడి చూడాలి. ధ్రువపత్రం లేకుండా వాడటం నేరం. ఈ విషయమై మాకూ మాకూ మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి.

అందుచేత కమిటీ వేరే పద్ధతి కనిపెట్టింది. బిళ్ళను చూసే ముందు తెచ్చినవాణ్ణి చూడటం! ఉపఅధికారిగారు ఒక నాణెం తెచ్చారు, అప్పడంలా పలచగా. “పుట్టుకతో వచ్చిన పలుచదనం, అపురూపం” అని రాశాం. గంట తర్వాత వాచ్‌మన్ అలాంటిదే ఇంకోటి తెచ్చాడు. “నలిగినది, చెత్త” అని రాశాం. రెండూ ఒకే రైలు కింద పడ్డవేనని నా అనుమానం. కానీ అనుమానాలు రాయడానికి రిజిస్టర్లో గడి లేదు.

ఇక నేనేం తేవాలి? వారం రోజులు చిల్లర తిరగేశాను. కండక్టర్లు విసుక్కున్నారు, కూరగాయల కొట్టాయన ఏకంగా తిట్టాడు. అన్నీ నిండు ఆరోగ్యంతో ఉన్న బిళ్ళలే! చివరికి మా వంటింటి కిటికీ గట్టు మీద, పిన్నీసులూ ఊడిన బొత్తాలూ పడేసే గిన్నెలో దొరికింది. గుర్రం బొమ్మ అయిదు బిళ్ళే, కానీ మామూలు దానికంటే కాస్త చిన్నగా ఉంది. అంచు చుట్టూ లావుగా గట్టులా ఉబ్బింది. అంచు పక్కన ఉండాల్సిన అక్షరాలు సగం ఆ గట్టు కిందికి దూరిపోయాయి. మధ్యలో గుర్రం మాత్రం చెక్కుచెదరలేదు.

పరుగున పట్టుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన భూతద్దం తీశారు. నాలుగు నిమిషాలు ఊపిరి కూడా తీయలేదు.

“గట్టంచు గుర్రం!” అన్నారు చివరికి. “టంకశాల చరిత్రలోనే ఇంత పెద్ద తప్పు జరగలేదు. ఇది ప్రపంచంలో ఒకే ఒక్కటి!”

“మీకెలా తెలిసింది సార్?”

“నేనింతవరకు ఇంకోటి చూడలేదు కదయ్యా!”

వాదనలో ఎక్కడా సందు లేదు. ఆయన బిళ్ళను దూదిలో చుట్టి, తన సొరుగులో పెట్టి, తాళం వేసి, “నీ దగ్గరుంటే భద్రత ఉండదు. ఇకనుంచి ఇది నా సేకరణ. ఆ కుర్చీ సంగతి నాకు గుర్తుంది” అన్నారు. ఆ చివరి మాట కోసం దూదితో పాటు నన్ను నేను కూడా చుట్టి ఇచ్చేసేవాణ్ణి.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ గిన్నె తిరగేస్తోంది. ఆవిడ పెద్దాస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. ఇంట్లోనూ అదే హోదా.

“ఏమండీ, ఇందులో గుర్రం బిళ్ళుండాలి. ఏదీ?”

“పెద్దసారుకిచ్చాను. అది ప్రపంచంలో ఒకే ఒక్కటి, తెలుసా?” అన్నాను, చొక్కా విప్పకుండానే ఛాతీ విరుచుకుని.

“ఏదీ, ఆ డ్రమ్ములోంచి పడిందా?”

“ఏ డ్రమ్ము?”

“మా లాండ్రీలో బట్టలారబెట్టే పెద్ద మిషను లేదూ? రోగుల జేబుల్లో మిగిలిపోయిన బిళ్ళలు ఆ డ్రమ్ము సందులో ఇరుక్కుంటాయి. నెలల తరబడి వేడికి గిరగిరా తిరిగి, అంచులు కొట్టుకుని కొట్టుకుని అలా ముడుచుకుపోతాయి. శుక్రవారం మెకానిక్కు డ్రమ్ము విప్పుతున్నాడు. కావాలంటే గుప్పెడు పట్టుకొస్తాను.”

“మెల్లిగా! గట్టిగా అనకు!”

“అంటే ఏమవుతుంది?”

“నా కుర్చీ పోతుంది!”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “పంతొమ్మిదేళ్ళుగా లేని కుర్చీ ఎలా పోతుందండీ?” అని నవ్వుతూ లోపలికెళ్ళిపోయింది. శుక్రవారం నిజంగానే ముప్ఫై నాలుగు తెచ్చింది. ప్రపంచంలో ఒకే ఒక్కటైనవి ముప్ఫై నాలుగు! బూట్ల పెట్టెలో పోసి అటకెక్కించాను.

నిజం చెప్పేద్దామనుకున్నాను. నమ్మండి. మర్నాడు పెద్దసారు గది తలుపు దాకా వెళ్ళాను కూడా. ఆయన ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నారు: “అవునండీ, పత్రికవాళ్ళు కూడా వస్తున్నారు. ప్రదర్శన పెడుతున్నాం. దానికి మధ్యమణి నేను కనిపెట్టిన గట్టంచు గుర్రమే!” నేను చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి నా సీట్లో కూర్చున్నాను. సత్యం ఎక్కడికీ పోదు కదా! కుర్చీ పోతుంది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు మా అటెండరు వచ్చింది. ఆవిడ వయసులో నాకంటే పెద్దది. పదిహేడేళ్ళుగా ఆ గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంటోంది. అందరం “ఏమ్మా” అనే పిలుస్తాం.

“సర్క్యులర్ అందరికీ అన్నారుగా సార్. నా దగ్గరా ఒకటుంది. కండక్టరు తీసుకోలేదు, పాలాయన తీసుకోలేదు. ఎవరూ తీసుకోకపోతే అది వింత కిందే లెక్క కదా సార్?” అంటూ చిన్న పర్సులోంచి ఒక బిళ్ళ తీసి నా ముందు పెట్టింది.

ముందువైపు మామూలు గుర్రమే, కుడివైపు చూస్తూ. వెనక్కి తిప్పాను. అక్కడ అయిదు అంకె ఉండాలి. లేదు! అక్కడా గుర్రమే ఉంది. కానీ పైకి ఉబ్బి కాదు, లోపలికి గుంటగా. పైగా అది ఎడమవైపు చూస్తోంది, అద్దంలో కనిపించినట్టు. వేలితో తడిమాను. గుంట నున్నగా ఉంది. ఒక్క గీత లేదు, ఒక్క నొక్కు లేదు. పెద్దసారు పుస్తకంలో ఇలాంటి బొమ్మ ఎక్కడో చూసినట్టు లీలగా గుర్తొచ్చింది. 

ఆ క్షణంలోనే కుర్చీ కూడా గుర్తొచ్చింది. పెద్దసారు నాణెం కంటే అటెండరు నాణెం వింతగా ఉండటం ఏ నిబంధన కింద కుదురుతుంది?

“ఎవరో రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి సుత్తితో కొట్టారు. ఇది చెడిపోయింది” అన్నాను.

“సుత్తితో కొడితే ముందువైపు గుర్రం కూడా నలగాలి కదా సార్?”

“ఏమ్మా, కమిటీ నువ్వా, నేనా?”

“మీరే సార్” అంది వెంటనే.

తిరస్కరణ కాగితం మీద ఉండాలన్నది నియమం. నా తప్పు కప్పుకోవడానికో ఏమో, ఆ కాగితం మాత్రం ప్రాణం పెట్టి రాశాను. “శ్రీమతి అటెండరు గారికి: తమరు సమర్పించిన గుర్రం బొమ్మ గల అయిదు బిళ్ళను కమిటీ కూలంకషముగా పరిశీలించి, అది కేవలము చెడిపోయినదనియు, ఎట్టి విలువయు లేనిదనియు ఏకగ్రీవముగా తీర్మానించినది. సదరు బిళ్ళ తమ సొంత ఆస్తి అయినందున తమకే తిరిగి ఇవ్వడమైనది. దానిపై ఈ కార్యాలయమునకు గానీ, కమిటీకి గానీ, అధికారి వారికి గానీ ఇప్పుడును ఇకమీదటను ఎట్టి హక్కును, ఆసక్తియు లేవని ఇందుమూలముగా తెలియజేయడమైనది.” మూడు కాపీలు. పెద్దసారు చదవకుండా సంతకం చేశారు. కింద గుండ్రటి ముద్ర గుద్దాను.

ఆవిడ రెండుసార్లు చదువుకుంది.

“సార్, ‘గారికి’ అని రాశారు.”

“పద్ధతమ్మా. ఎవరికైనా అలాగే రాయాలి.”

“పదిహేడేళ్ళలో ఈ ఆఫీసు నన్ను ‘గారు’ అనడం ఇదే మొదటిసారి సార్.”

బిళ్ళను పర్సులో వేసుకుని, కాగితాన్ని మాత్రం మడవకుండా రెండు చేతుల్లో పట్టుకెళ్ళింది. మర్నాటికల్లా జిరాక్సు కొట్లో దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి తెచ్చింది. తిరస్కరణ ఉత్తరానికి లామినేషన్! టైపిస్టూ నేనూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.

ప్రదర్శన రోజు వచ్చింది. గోడకు గోడంత బ్యానరు: “పుట్టుకతో అపురూపాలు!” రికార్డు గదిలోంచి పెద్ద బల్ల మోయించి, దాని మీద అద్దాల పెట్టె, పెట్టెలో నీలం మఖమలు, మఖమలు నడుమ గట్టంచు గుర్రం. పక్కన అట్టముక్క: “ప్రపంచంలో ఒకే ఒక్కటి.” అంతా బాగుంది. బల్ల మాత్రం ఊగుతోంది.

“తూనికలు కొలతల శాఖలో బల్ల ఊగుతుందా! పత్రికవాళ్ళు చూస్తే పరువేం కాను!” అని పెద్దసారు గంతులేశారు. ఒక కాలు పొట్టి. కాగితం మడిచి పెట్టాం, నలిగింది. అట్టముక్క పెట్టాం, ఎక్కువైంది. చివరికి అటెండరు పర్సు తెరిచింది.

“ఇది పెట్టనా సార్? ఎలాగూ పనికిరానిదేగా.”

పెట్టింది. కొలిచినట్టు సరిపోయింది. బల్ల రాయిలా నిలబడింది.

“శభాష్!” అన్నారు పెద్దసారు. “చూశారా, ఏ వస్తువుకు తగ్గ స్థానం ఆ వస్తువుకుంటుంది!”

ముఖ్య అతిథి ఒక ముసలాయన. టంకశాలలో అచ్చు మిషను దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడి పనిచేసి దిగిపోయాడు. మెడలో తాడుకు చిన్న భూతద్దం, పక్క జేబులో రుమాలు. పెద్దసారు ఆయన్ని ఉపన్యాసానికి పిలిచారు. ఆయనేమో పని చూడటానికి వచ్చాడు. తేడా అక్కడే వచ్చింది.

మొదట ఉపఅధికారిగారి అపురూపం చూశాడు.

“రైలు” అన్నాడు.

రెండోది చూశాడు. “యాసిడ్.”

మూడోది. “సానరాయి.”

నాలుగోదాన్ని చూసి రుమాలుతో అద్దం తుడుచుకుని, “దీన్ని ఎవరో పళ్ళతో కొరికారు” అన్నాడు. మా స్టోర్‌కీపరు తలదించుకున్నాడు.

అలా నడుచుకుంటూ మధ్యకొచ్చాడు. ఆయన గట్టంచు గుర్రాన్ని అరచేతిలో పెట్టుకుని, “త్రాసు ఉందా?” అన్నాడు.

ముప్ఫై రెండు తలలూ కిందికి వాలాయి.

“ఇది తూనికల ఆఫీసే కదా నాయనా?”

టైపిస్టు ముందుకొచ్చి, త్రాసూ ధ్రువపత్రమూ కథంతా వినయంగా చెప్పాడు. ముసలాయన అతన్ని చాలాసేపు చూశాడు. నాణేన్ని కూడా అంతసేపు చూడలేదు.

“సరే, తూచక్కర్లేదులే. ఇది బట్టలారబెట్టే మిషన్లో తిరిగిన బిళ్ళ. ఇలాంటివి మా వీధి లాండ్రీవాడు డబ్బాడు ఇస్తాడు. ఇక్కడ ఎవరింట్లోనైనా లాండ్రీలో పనిచేసేవాళ్ళున్నారా?”

కుటుంబాలతో సహా రమ్మన్నారు కనుక వచ్చి మూడో వరసలో కూర్చున్న మా ఆవిడ చెయ్యి ఎత్తబోయింది. నేను చూసిన చూపుకు ఎత్తిన చెయ్యి జుట్టు సవరించుకుంది. కానీ పెద్దసారు చూడనే చూశారు, ముందు ఆవిణ్ణి, తర్వాత నన్ను. నా కుర్చీ నా కళ్ళముందే చేతులు ముడుచుకుంది.

అయితే పెద్దసారు ఊరికే పెద్దసారు కాలేదు. రెండు క్షణాల్లో ముఖం నిండా నవ్వు తెచ్చుకుని చప్పట్లు కొట్టారు.

“అద్భుతం! మేం పెట్టిన పరీక్షలో తాతగారు నెగ్గారు! ఈ రోజుల్లో చెడిపోయిన బిళ్ళల్ని అపురూపాలంటూ అమ్మి జనాన్ని మోసం చేస్తున్నారు. ప్రజలకు అవగాహన కల్పించడానికే మా శాఖ ఈ చెడిపోయిన నాణేల ప్రదర్శన పెట్టింది!”

టైపిస్టు అప్పటికే పక్క బల్లెక్కి బ్యానరు తిప్పి కడుతున్నాడు. “ప్రపంచంలో ఒకే ఒక్కటి” అన్న అట్టముక్క చెత్తబుట్టలోకి వెళ్ళింది. దాని వెనకే గుర్రమూ వెళ్ళింది. మేం ముప్ఫై ఇద్దరం చప్పట్లు కొట్టాం. పత్రికాయన అంతా రాసుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

ఇంతలో ముసలాయన మెడలో తాడు తెగి అద్దం కిందపడింది. తీసుకోవడానికి వంగాడు. వంగినవాడు లేవలేదు. నడుం పట్టేసిందేమోనని ఇద్దరం పరుగెత్తాం.

“బల్లెత్తండి” అన్నాడు కిందనుంచే.

నలుగురం ఎత్తాం. ఆయన బల్లకాలి కింద సగం బయటికి కనబడ్డ బిళ్ళను తీసి, రుమాలుతో తుడిచి, వెలుతురు దగ్గరికి వెళ్ళాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అప్పటిదాకా ముక్తసరిగా మాట్లాడిన మనిషి గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

“మిషన్లో ఒక్కోసారి బిళ్ళ అచ్చుకు అతుక్కుపోయి బయటికి రాదు. దాని కిందికే కొత్త బిళ్ళ వచ్చేస్తుంది. అచ్చు పడాల్సిన చోట ఆ అతుక్కున్న బిళ్ళే గుద్దుతుంది. అందుకే గుర్రం తిరగబడి గుంటగా పడుతుంది. ముప్ఫై ఏళ్ళలో నాకు రెండు దొరికాయి నాయనా, రెండూ కరిగించేశాం. ఇంకోటి నా కళ్ళు కప్పి బయటికి పోయిందేమోనని నాకెప్పుడూ అనుమానమే.” బిళ్ళను వేలికొసన ఎత్తి అందరికీ చూపించాడు. “పుట్టుకతో వచ్చిన తప్పంటే ఇదీ! ఎవరిదిది?”

“మాది!” అన్నారు పెద్దసారు, ప్రశ్న పూర్తికాకముందే. “కార్యాలయం బల్ల. బల్లకు కాలు. కాలి కింద బిళ్ళ. వరసగా చూస్తే కార్యాలయం ఆస్తే! అసలు దీన్ని అక్కడ రహస్యంగా భద్రపరిచింది నేనే!”

“అది నాది సార్” అంది గుమ్మం దగ్గర్నుంచి అటెండరు.

“నీదా! ఆధారమేంటి?”

ఆవిడ స్టూలు దగ్గరికెళ్ళి, సంచీలోంచి ప్లాస్టిక్ తొడుగు కాగితం తెచ్చి ముసలాయనకిచ్చింది. ఆయన అక్షరాలు ఆనడం లేదని, “ఎవరన్నా చదవండి నాయనా” అన్నాడు. ఎవరు చదువుతారు? రాసినవాడే చదవాలని అందరూ నావైపే చూశారు.

చదివాను. ‘కూలంకషముగా పరిశీలించి’ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ‘తమ సొంత ఆస్తి అయినందున’ దగ్గర పెద్దసారు చెమట తుడుచుకున్నారు. ‘ఇప్పుడును ఇకమీదటను ఎట్టి హక్కును, ఆసక్తియు’ దగ్గర నేను కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ముగించగానే మూడో వరసలోంచి ఒక్కరు గట్టిగా చప్పట్లు కొట్టారు. మా ఆవిడే.

పెద్దసారు నా చెవిలోకి వంగారు. “ఆఫీసు కాపీ ఎక్కడుంది?”

“ఫైల్లో సార్.”

“చింపెయ్.”

అబద్ధమెందుకు, నా కాళ్ళు ఫైలు వైపు రెండడుగులు వేశాయి. అప్పుడు గుర్తొచ్చింది.

“మూడో కాపీ హెడ్డాఫీసుకు పంపేశాను సార్.”

“ఎందుకు పంపావు!”

“పద్ధతి సార్.”

ముసలాయన బిళ్ళను అటెండరు చేతిలో పెట్టి, “ఏం చేస్తావమ్మా దీన్ని?” అన్నాడు. ఆవిడ నా చేతిలోని కాగితం తీసుకుంది.

“మీ టంకశాలలో అద్దాల పెట్టెలుంటాయటగా తాతగారూ. దాంట్లో పెట్టించండి. పక్కనే ఈ కాగితం కూడా పెట్టాలి. ‘గారికి’ అన్నది కనపడేటట్టు.”

పెట్టించాడు! ఇప్పుడు అక్కడికెళ్ళిన ప్రతివాడూ ముందు బిళ్ళ చూస్తాడు, తర్వాత నా కాగితం చదువుతాడు, తర్వాత నవ్వుతాడు. బళ్ళ నుంచి పిల్లల్ని కూడా తీసుకొస్తున్నారని విన్నాను.

హెడ్డాఫీసు కూడా చదివింది. అంత అరుదైన నాణేన్ని చెత్త అని ధ్రువీకరించిన బాధ్యులెవరని అడిగింది. మా పెద్దసారు అప్పటికి నాణేలు వదిలేసి పక్షుల్ని చూడటం మొదలుపెట్టారు. మేమంతా మెడలు పైకెత్తుకుని తిరుగుతున్నాం. మూడు వారాల తర్వాత, ఆ మెడనొప్పుల మధ్య, నా పేర ఒక కవరు వచ్చింది. టైపిస్టు చింపి పైకి చదివాడు.

“తమకు సూపరింటెండెంటుగా పదోన్నతి కల్పించడమైనది!”

నేను నమ్మలేదు. లాక్కుని చదివాను. నిజమే! సంతకం ఉంది, ముద్ర ఉంది. గత నెల ఇరవయ్యో తేదీ నుంచే వర్తిస్తుందని కూడా ఉంది. తేదీ సంగతి ఎవడికి కావాలి! వెళ్ళి కూర్చున్నాను. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, రెండు మోచేతులూ ఆన్చాను. పంతొమ్మిదేళ్ళు! నా కళ్ళు చెమర్చాయి.

కుర్చీ ఊగింది. ఏడాదిన్నరగా ఎవరూ కూర్చోక ఒక కాలు అరిగిందో, చెదలు తిందో. “ఏమ్మా, దీని సంగతి కాస్త చూడు” అని కేకేశాను. అటెండరు వచ్చి చూసి, పర్సు తెరిచి, ఒక బిళ్ళ తీసి కాలి కింద పెట్టింది. ఉబ్బిన అంచు, మధ్యలో గుర్రం. ఆ రోజు చెత్తబుట్టలోంచి ఏరినట్టుంది.

“ఎలాగూ పనికిరానిదేగా సార్” అంది.

కుర్చీ రాయిలా నిలబడింది. పదకొండు నిమిషాలు.

“కవర్లో ఇంకో కాగితం కూడా ఉందండోయ్” అన్నాడు టైపిస్టు. ఈసారి అతని గొంతు లేవలేదు. “గత నెల ఇరవై ఎనిమిదో తేదీన తప్పుడు ధ్రువీకరణ లేఖ జారీచేసినందుకు, ఆనాటి సూపరింటెండెంటు హోదాలో పూర్తి బాధ్యత తమదే అయినందున, తమను సదరు పదవి నుండి తక్షణము తొలగించడమైనది.”

అదీ సంగతి! ఖాళీ కుర్చీని శిక్షించడం నిబంధనలకు విరుద్ధం కనుక ముందు దాన్ని నింపారన్నమాట. నేను మోచేతులు తీసుకున్నాను. లేచాను. నాకు సిగ్గేసింది. పెద్దసారును చూసి కాదు. ఆ లామినేషన్ చూసి నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది.

అటెండరు వంగి, కుర్చీ కాలి కింద బిళ్ళ తీసి, తుడిచి, నా చేతిలో పెట్టింది.

“మీది మీరే ఉంచుకోండి సార్” అంది. “దీని మీద మాకెవరికీ హక్కు లేదని కావాలంటే కాగితం రాసిస్తాను. ‘గారికి’ అనే రాస్తాను.”